తుడవని భాగం

పదకొండు రోజుల కిందట టైలరమ్మ మెట్లు దిగి వెళ్లిపోయేముందు బల్ల మీద రెండు కాగితాలు వదిలి వెళ్లింది. ఒకటి, మూడేళ్ల కిందట కుటుంబ సలహా కేంద్రంలో కూర్చుని ఆమె చెప్పుకున్న వాంగ్మూలం. మొగుడు దేనితో కొట్టేవాడో, ఎప్పుడు పారిపోయి వచ్చిందో, ఏ వీధిలో కుట్టుమిషను పెట్టుకుందో అన్నీ అందులో ఉన్నాయి. రెండోది, ఆ కేంద్రం మూతపడ్డాక దాని కంప్యూటర్ల డిస్కుల్లో ఉన్నదంతా తుడిచేశామని ఈ వర్క్‌షాపు ఇచ్చిన సర్టిఫికెట్. తుడిచినది నూరు శాతం అని ఉంది దాని మీద. తుడిచేసిన మాటలే పాత కంప్యూటర్లు కొన్న ఎవరి దగ్గరో బయటపడి, ఫోన్లలో చేతులు మారి, తిరిగి తిరిగి ఆ మొగుడి చేతికే చేరాయి. వాడిప్పుడు రోజూ ఆమె కొట్టుకి ఎదురుగా నిలబడుతున్నాడు.

"నూరు శాతం అంటే ఎంతమ్మా?" అని మాత్రం అడిగింది టైలరమ్మ. వెటకారంగా కాదు. నిజంగానే తెలియనట్టు.

ఆ ప్రశ్న అడిగించుకున్న మనిషిని వర్క్‌షాపులో అందరూ వదిన అంటారు. యజమానికి ఆమె వదిన కాబట్టి, తక్కిన వాళ్లకీ అదే అలవాటైపోయింది. పాత కంప్యూటర్లు తీసుకుని, డిస్కులు తుడిచి మళ్లీ అమ్మే ఆ వ్యాపారం అన్నదమ్ములిద్దరూ కలిసి మొదలుపెట్టినది. అన్న పోయి ఎనిమిదేళ్లయింది. ఇంటి పై వాటాలో వదిన ఒక్కతే ఉంటుంది. కింది వాటాలో మరిది, తోడికోడలు, స్కూలు ఆఖరి ఏడు చదువుతున్న వాళ్ల కూతురు. డిస్కులు తుడిచే ప్రోగ్రాం రాసింది వదినే. ఆ నూరు శాతం కూడా ఆమె రాసిన అంకే.

ఆ తర్వాత పదకొండు రోజులు ఆమె సరిగా తిన్నది లేదు. తప్పెక్కడుందో మూడో రోజుకే తెలిసిపోయింది. పాత ప్రోగ్రాం డిస్కుని ఒకే ప్రశ్న అడిగేది, నువ్వెంత ఉన్నావని. అది ఎంత చెబితే అంతా నమ్మి, అంతమేరా తుడిచి, నూరు అని రాసేది. కానీ కొన్ని రకాల కంప్యూటర్లలో డిస్కు తన ఒంట్లో కొంత దాచుకుని మిగతాదే బయటికి చెబుతుంది. యంత్రం పాడైతే పనికొస్తుందని, ఉన్న కాగితాలన్నిటికీ ఒక నకలు ఆ దాచిన చోట పెట్టుకుంటుంది. పాత ప్రోగ్రాం అటు తొంగి కూడా చూడలేదు. మిగిలిన ఎనిమిది రోజులూ కూర్చుని వదిన కొత్తది రాసింది. అది రెండు ప్రశ్నలు అడుగుతుంది. బయటికి ఎంత చూపిస్తున్నావు, అసలు ఎంత ఉన్నావు. తెరమీద వచ్చే మాటలన్నీ తేట తెలుగులో పెట్టింది. బెంచి దగ్గర డిస్కులు బిగించే స్క్రూ తాతకి ఇంగ్లీషు రాదు. ఇన్నేళ్లూ ఆయన ఆకుపచ్చ రంగు వెలిగిందా లేదా అన్నదే చూసి డిస్కు పీకేవాడు.

కొత్త ప్రోగ్రాం పూర్తయిన రోజు పొద్దున్నే, పంపడానికి సిద్ధంగా ఉన్న రెండు పెట్టెలు తెప్పించింది. మొత్తం నలభై ఒక్క డిస్కులు. అన్నీ తుడిచినవే. అన్నిటికీ సర్టిఫికెట్లు అయిపోయాయి.

తాత మొదటిది బిగించాడు. తెర మీద నాలుగు వరుసలు వచ్చాయి.

చూపిన పరిమాణం: 500.
అసలు పరిమాణం: 640.
తుడిచినది: 78 శాతం.
మిగిలినది: 22 శాతం.

తాత కళ్లజోడు పైకి జరుపుకుని కూడబలుక్కుంటూ చదివాడు. "అంటే ఇన్నాళ్లూ గదులన్నీ ఊడ్చి అటక మర్చిపోయామన్నమాట," అన్నాడు. అని, తన మాటకి తనే నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. నలభై ఒకటిలో పదిహేడింటిలో అటకలు అలాగే ఉన్నాయి. ఆరేళ్లుగా ఈ బెంచి మీదనుంచి వెళ్లిన డిస్కులు ఎన్ని వేలో, అవి ఎవరి ఇళ్లలో, ఎవరి కంప్యూటర్లలో ఉన్నాయో చెప్పగలిగినవాళ్లు లేరు. వెనక్కి పిలవడానికి అవేమన్నా పెంచుకున్న పావురాలా?

"అమ్మా, సలహా కేంద్రానివి తొమ్మిది వచ్చాయి," అన్నాడు తాత ఉన్నట్టుండి. "ఎనిమిదే వెళ్లాయి. ఒకదాన్ని తుడిచి పీకేటప్పుడు పిన్ను వంగిపోతే పక్కన పడేశాను. తీరుబడిగా బాగుచేద్దామని."

"ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, నా డ్రాయర్లోనే. ఈ డ్రాయర్లోకి వెళ్లింది ఏదీ పోదు, బయటికీ రాదు."

పట్టకారుతో పిన్ను సరిచేసి బిగించేసరికి తాతకి అరగంట పట్టింది. వదిన ఆ అరగంటా నిలబడే ఉంది. టైలరమ్మ లాయరు ఫోన్లో గట్టిగా చెప్పాడు. ఆ కేంద్రం డిస్కుల్లో తుడవని భాగం మిగిలినది ఒక్కటి, ఇక ఎవరూ వేలు పెట్టకుండా ఉన్నది ఉన్నట్టు చేతికొస్తే చాలన్నాడు. మాటలు ఎక్కడినుంచి బయటపడ్డాయో దానితో కోర్టులో రుజువు చేసి టైలరమ్మకి రక్షణ అడగొచ్చు, ఆ మొగుణ్ని ఆ వీధిలోకి రానివ్వకుండా ఆపొచ్చు. నాలుగింటికి ఇద్దరూ వస్తామన్నారు.

దాచిన భాగం తెరుచుకుంది. పేర్ల పట్టిక వచ్చింది. ఒక్కో పేరు కింద ఒక్కో వాంగ్మూలం. మూడో వరుసలో టైలరమ్మ పేరు కనిపించగానే వదిన ఊపిరి పీల్చుకుంది. ఉంది. దొరికింది. అప్పటిదాకా నిలబడే ఉన్నది కుర్చీలో కూర్చుంది.

"తెరుచుకుందా?" అన్నాడు తాత.

"తెరుచుకుంది తాతా."

ఆయన సంబరంగా మెట్ల దగ్గరికి వెళ్లి, కింద ఆఫీసు గదిలో ఉన్న యజమానికి వినబడేలా కేకేశాడు. "బాబూ! దొరికింది! తలుపు తెరుచుకుంది!"

ఆ కేక వినబడుతుండగానే వదిన చూపు కిందికి జారింది. ఇరవై ఆరో వరుస. ముందు ఇంటిపేరు చూసింది. తన ఇంటిపేరే. దాని పక్కన తోడికోడలి పేరు.

తప్పని తెలుసు. తెలిసే తెరిచింది.

ఒక్క పేజీయే ఉంది. మాటలు తక్కువ. బెల్టు, తలుపు సందు, వేడినీళ్లు. ఏ రోజు ఏది జరిగిందో తారీకులతో సహా ఉంది. చేతికి కట్టుతో కనిపించిన రోజు తోడికోడలు 'అలమర తలుపు తగిలిందక్కా' అంది. 'చూసుకోవాలి కదమ్మా' అని తను పైకి వెళ్లిపోయింది. ఆ తారీకూ ఉంది అందులో. దాని కింద రాసిన వాక్యం వదిన రెండుసార్లు చదివింది.

'పైన మా తోడికోడలు ఉంటుంది. మంచిది. అన్నీ వినబడతాయి ఆవిడకి. విననట్టు ఉంటుంది.'

ఆఖర్లో నాలుగు వరుసలు. పిల్ల స్కూలు చదువు అయ్యేదాకా ఓర్చుకుంటాననీ, ఆఖరి పరీక్ష అయిన రోజునే పిల్లని తీసుకుని వెళ్లిపోతాననీ. ఎక్కడికో ఊరు పేరు ఉంది. ఎవరింటికో, వాళ్లు తనకేమవుతారో, ఇంటి నంబరుతో సహా ఉంది. అక్కడైతే ఆయన వెతకడు, వాళ్లు ఉన్నారనే ఆయనకి తెలియదు అని ముగిసింది.

వదిన పేజీ మూసేసింది. ఫోను తీసింది.

"అక్కా, చెప్పు," అంది తోడికోడలు. వెనక మోటారు సైకిళ్ల చప్పుడు.

"ఎక్కడున్నావ్?"

"స్కూలు గేటు దగ్గర. ఇప్పుడే లోపలికి పంపాను. అయిదింటిదాకా ఇక్కడే కూర్చుంటా. ఇంటికెళితే మళ్లీ ఎవరు వస్తారీ ఎండలో?"

"ఇంకెన్ని ఉన్నాయి పరీక్షలు?"

"ఇది కాక ఇంకొక్కటి. ఎల్లుండితో అయిపోతాయి. ఎందుకక్కా?"

వదిన తెర మీది ఇరవై ఆరో వరుస చూసింది.

"అక్కా, నీ దగ్గర పెద్ద బ్యాగు ఉండాలి కదా. బావగారు ఊళ్లకి తీసుకెళ్లేవారు. అదిస్తావా? నాదాని జిప్పు పోయింది."

ఎంత మామూలుగా అడిగిందో! ఉప్పో పప్పో అడిగినట్టు అడిగింది. వదిన "ఇస్తాను. నీకిచ్చేస్తాను," అంది. ఇంకేదో అనబోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడి ఫోను పెట్టేసింది.

మరిది రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో వచ్చాడు. మనిషి ఎప్పుడూ అంతే. వదినకి టీ ఇవ్వకుండా తను తాగడు. వర్క్‌షాపులో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆయనే పలకరిస్తాడు. గ్లాసు ఆమె ముందు పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పండి వదినా. ఎన్ని?"

"నలభై ఒకటిలో పదిహేడు."

"మొత్తం ఆరేళ్లలో?"

"వేలల్లో ఉంటాయి. అంతకంటే చెప్పలేను."

ఆయన టీ తాగలేదు. "ప్రతి సర్టిఫికెట్ మీదా సంతకం నాది," అన్నాడు మెల్లగా.

"అంకె నాది."

"మీరు కావాలని చేశారా ఏమన్నా?" అన్నాడు నొచ్చుకున్నట్టు. "మనిద్దరం కలిసి మునిగాం. అన్నయ్య ఉంటే ఏం చేసేవాడో అదే చేద్దాం. ఎవరెవరి కాగితాలు బయటపడ్డాయో వాళ్లందరికీ మనమే చెబుదాం. ఆ టైలరమ్మ ఒక్కతే కాదుగా? తక్కినవాళ్లకి ఇంకా తెలిసుండదు. ఎవరి మొగుడు ఎవరి గుమ్మం ముందుకి వస్తాడో ఎవరు చూశారు? ఆ పట్టిక తియ్యండి. పేర్లు రాసుకుంటాను. ఒక్కొక్కళ్లకీ నేనే ఫోన్ చేస్తాను."

అందులో తప్పు పట్టడానికి ఒక్క మాట లేదు. ఆమె ఆలోచించి చెప్పినా అదే చెప్పేది.

"ఆడవాళ్లు నలుగురికీ చెప్పుకోలేక అక్కడ చెప్పుకున్న సంగతులు," అంది వదిన. "నువ్వు చూడ్డం బాగోదు. నేను చేస్తాను ఫోన్లు."

"చదవను వదినా. పేర్లు చాలు. తప్పు మన ఇద్దరిదీ అయినప్పుడు తిట్లు మీరొక్కరే తినడం ఏమిటి?"

"లాయరు ముట్టుకోవద్దన్నాడు."

"చూస్తే అరిగిపోతుందా?" నవ్వాడు. అంతలో కింద లారీ హారన్ మోగింది. పెట్టెలు దింపడానికి వచ్చిన బండి దారికి అడ్డంగా ఆగినట్టుంది. ఆయన విసుక్కుంటూ లేచాడు. "పది నిమిషాల్లో వస్తాను. తాతా, నువ్వూ రా, పెట్టెలు లెక్క చూడు."

ఇద్దరూ దిగిపోయారు.

వదిన తెర వైపు చూసింది. డిస్కు ఊడబీకి బ్యాగులో వేసుకుని వెళ్లిపోవచ్చు. వెళ్లి? నాలుగింటికి లాయరు వస్తాడు. ఆయన చేతిలో పెడితే కోర్టుకెళ్తుంది. కోర్టులో అవతలి పక్షానికి ఒక నకలు ఇస్తారు. అవతలి పక్షం అంటే టైలరమ్మ మొగుడొక్కడే కాదు, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన మరిది కూడా. ఆ ఒక్క పేజీ తీసేస్తే? చెయ్యి పెట్టిన డిస్కు చెల్లదని లాయరు ముందే చెప్పాడు. అది చెల్లకపోతే టైలరమ్మకి మిగిలేది చేతిలోని రెండు కాగితాలే. వాటి మాట ఇప్పటికే రెండు ఆఫీసుల్లో ఎవరూ నమ్మలేదు. ఎటు తిప్పినా ఎవరో ఒక ఆడది చావాలి. ఎవరన్నది మాత్రం ఆమె చేతిలో పెట్టారు.

టైలరమ్మ ఆమెకి ఏమీ కాదు. టైలరమ్మకి జరిగిన అన్యాయం పూర్తిగా తనదే. తోడికోడలికి జరుగుతున్నది తను చెయ్యలేదు. పైన కూర్చుని రేడియో గొంతు పెంచుకుంది, అంతే.

గోడ గడియారంలో మూడూ ఇరవై అయింది. వదిన 'దాచిన భాగం తుడువు' అన్న చోట నొక్కింది.

ప్రోగ్రాం అడిగింది. తను రాసిన మాటలే. 'తుడిచాక ఏదీ తిరిగి రాదు. తుడవమంటారా?'

టైలరమ్మ ముఖం కళ్లముందు నుంచి పక్కకి జరగలేదు. జరగకపోయినా నొక్కింది.

పాత ప్రోగ్రామైతే ఆకుపచ్చ గీత ఒకటి కదిలేది, అంతే. ఎవరు చూసినా ఏదో పని జరుగుతోందని అనుకుని వెళ్లిపోయేవారు. కొత్తది అన్నీ చెబుతుంది. 'దాచిన భాగం తుడుస్తోంది. తుడిచినది: 1 శాతం. మిగిలిన సమయం: గంటా యాభై నిమిషాలు.' అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. తాత కళ్లకి ఆనాలని తనే పెద్దవి చేసింది. తెర ఆర్పేద్దామని చెయ్యి చాచింది. ఆర్పితే మరిది వచ్చి వెలిగిస్తాడు. చేతిలో ఉన్న ఫోన్లో తోడికోడలికి రాసింది: 'ఎల్లుండి దాకా ఆగకు. పిల్ల బయటికి రాగానే అటునుంచి అటే వెళ్లిపో. ఇంటికి రావద్దు.'

పంపింది. అవతల చూసినట్టు గుర్తు పడలేదు.

నాలుగు శాతం. ఆరు.

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. మరిది కాదు. టైలరమ్మ. లాయరు లేకుండా ఒక్కతే, ముందే వచ్చేసింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"కొట్టు కట్టేసి వచ్చానమ్మా," అంది గుమ్మంలో నిలబడి. "ఇవాళ లోపలికే వచ్చాడు. కత్తెర చేతిలోకి తీసుకుని చూశాడు, బాగుంది అన్నాడు, పెట్టేసి వెళ్లాడు." కాస్త ఊపిరి తీసుకుంది. "దొరికిందటగా? కింద సారు చెప్పారు. నా కాగితం ఉందా అందులో?"

"ఉంది," అంది వదిన. అబద్ధం చెప్పడానికి కూడా తీరిక దొరకలేదు. టైలరమ్మ వెనకే మరిది వచ్చాడు.

"చూశారా, మా వదిన పట్టుకుందంటే వదలదు. రండమ్మా, కూర్చోండి," అంటూ స్టూలు ఆమె వైపు జరిపాడు. జరుపుతూ తెర వైపు తిరిగాడు. చదివాడు. మళ్లీ చదివాడు.

"వదినా, దేన్ని తుడుస్తున్నారు?"

వదిన తెరకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉన్నది ఒక్కటే కదా? ఆవిడకి కావాల్సింది ఇదే కదా?" అన్నాడు. ఆయన గొంతులో ఉన్నది నిజమైన కంగారే. ఒక్క అంగలో వచ్చి డిస్కు వైరు లాగేశాడు.

తెర ఒక క్షణం ఆగింది. తర్వాత నిదానంగా చెప్పింది.

'పని మధ్యలో ఆగింది. తుడిచినది: 9 శాతం. మిగిలినది: 91 శాతం. మిగిలినది చదవవచ్చు.'

"అమ్మయ్య," అన్నాడు మరిది.

టైలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకి సగం అర్థమైంది. ఆ సగం చాలు. "మీరా?" అంది వదినతో. "మీరే తుడిచేస్తున్నారా?"

పట్టిక ఆ నకలుకి చిట్టచివర ఉంటుందని వదినకి తెలుసు. పేర్లన్నీ భద్రంగా ఉంటాయి. పోయిన తొమ్మిది శాతంలో ఎవరి మాటలు పోయాయో, ఎవరివి మిగిలాయో దేవుడికే తెలియాలి. టైలరమ్మవే పోయి, తోడికోడలివే మిగిలి ఉండవచ్చు. డిస్కు మాత్రం చెయ్యి పెట్టిన డిస్కే అయిపోయింది. ఇక ఏ కోర్టులోనూ అది ఎవరినీ కాపాడదు.

మరిది వైరు మళ్లీ గుచ్చాడు. పట్టిక వచ్చింది.

"కంగారుపడకండమ్మా. మీదుందో లేదో ముందు చూద్దాం," అని జేబులోంచి పెన్ను తీశాడు. పేర్లు రాసుకోవడానికి సర్టిఫికెట్ల పుస్తకం వెనక అట్ట తిప్పి పెట్టుకున్నాడు. తెర మీద వేలు ఆనించి మొదటి వరుస నుంచి మొదలుపెట్టాడు. మూడో వరుస దగ్గర, "ఇదిగో, మీ పేరు ఉంది," అన్నాడు. టైలరమ్మ ముందుకి వంగింది. ఆయన వేలు మళ్లీ కదిలింది. పది. పద్నాలుగు. ఒక్కో పేరూ పెదాలతో పలుకుతూ, పొందికైన అక్షరాలతో రాసుకుంటున్నాడు.

వదిన ఒళ్లో ఉన్న ఫోను చూసింది. చూసినట్టు గుర్తు ఇంకా పడలేదు. ఆ వీధి ఎండలో, ఆ గేటు దగ్గర, ఫోను సంచిలో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. అయిదింటికి ఇంకా గంట పైనే ఉంది.

"ఆ ఫోన్లు నేను చేస్తానన్నాను కదా, ఇటివ్వు," అంది పెన్ను కోసం చెయ్యి చాచి.

ఆయన ఇవ్వలేదు. ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇరవై అయిదో పేరు రాసి చుక్క పెట్టాడు.

వేలు కిందికి జరిగి ఆగిపోయింది.

పెన్నుకి మూత పెట్టాడు. పుస్తకం మూశాడు. టీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు, ఒలికిపోతుందేమో అన్నట్టు జాగ్రత్తగా. తిరిగి చూసినప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. గొంతు కూడా ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"వదినా," అన్నాడు, "మీరు ఇది చదివారా?"